తల్లీకూతుళ్ల గొడవ కాదది, పావు వాటా గొడవ

అరుంధతీ రాయ్ తన తల్లి మేరీ రాయ్ గురించి రాసిన ‘మదర్ మేరీ కమ్స్ టు మీ’ 2025 సెప్టెంబర్‌లో వచ్చింది. అప్పటినుంచీ దాని మీద వచ్చిన సమీక్షల్ని ఓ పది పక్కపక్కన పెట్టి చదవండి, ఒకే మనిషి పేర్లు మార్చుకుని రాసినట్టుంటుంది. కోపిష్టి తల్లి, ఆవిడ ఉబ్బసం, ఇల్లు విడిచి పోయిన కూతురు, దూరంగా ఉంటేనే ప్రేమించగలనన్న ఒప్పుకోలు. తల్లే తనకు నీడ, తల్లే తుపాను అంటుంది రచయిత్రి ఒకచోట. ఆ మాట లేని సమీక్ష దొరకడం కష్టం. ఇక చివరి పేరాలో ‘వలస వారసత్వం’ అని ఒక మాట పడుతుంది, కూరలో కరివేపాకులాగ. ఏరి పక్కన పెట్టేసినా రుచి మారదు.

ఇక్కడ మనవాళ్లు రాసినవీ, సభల్లో మాట్లాడినవీ దీనికి భిన్నంగా లేవు. అట్ట మీద రచయిత్రి నోట్లో బీడీ ఉందని ఎవరో కోర్టుకెక్కితే, 2025 అక్టోబర్‌లో కేరళ హైకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. ఆ బీడీ మీద జరిగినంత చర్చ పుస్తకంలోని ఇంటి మీద జరగలేదు. ఇల్లంటే ఇల్లే. గోడలు, కప్పు, తాళం ఉండే ఇల్లు. ఈ పుస్తకాన్ని భావోద్వేగాల పుస్తకంగా చదివినవాళ్లు సగమే చదివారని నా వాదన. కుటుంబంలో మనుషులు విడిపోయిన ప్రతిచోటా వెనక ఒక ఆస్తి చట్టం నిలబడి ఉంది. సమీక్షకులు దాని పక్కనుంచే నడిచిపోయారు.

కథ చాలామందికి తెలిసిందే కాబట్టి గబగబా చెప్పుకుందాం. మేరీ రాయ్ తాగుడుకు బానిసైన భర్తను అస్సాం టీ తోటల్లో వదిలేసి ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఊటీ వచ్చేసింది. అక్కడ ఆవిడ తండ్రిది చిన్న ఇల్లొకటి ఉంది. ఆ తండ్రి తెల్లదొరల సర్కారులో కీటక శాస్త్రవేత్త, ఉద్యోగం పేరులోనే ‘ఇంపీరియల్’ అని ఉండేది. ఇంట్లో పెళ్లాం పిల్లల్ని కొట్టేవాడు. ఆయన పోయాక ఖాళీగా పడున్న ఆ ఇంట్లో కూతురు తలదాచుకుంటే, కన్నతల్లీ తోడబుట్టినవాడూ కేరళ నుంచి ఊటీ దాకా వచ్చి బయటికి పొమ్మన్నారు. ఆడపిల్లకి తండ్రి ఆస్తిలో హక్కు లేదన్నది వాళ్ల మాట. వాళ్లు అడ్డం పెట్టుకున్నది తిరువాన్కూరు చట్టం, ఇప్పటి కేరళ దక్షిణాన ఉండిన పాత సంస్థానానిది. మేరీ రాయ్ వకీలు దగ్గరకి పరుగెత్తింది. ఆ చట్టం ఊటీలో చెల్లదని వకీలు చెప్పాడు. ఆవిడ ఇల్లు ఖాళీ చెయ్యలేదు.

సమీక్షల్లో ఈ ఘట్టానికి ఒక్క వాక్యం దక్కుతుంది, ‘హృదయవిదారకం’ అన్న విశేషణంతో సహా. నన్నడిగితే పుస్తకానికి ఇరుసు ఇదే. ఊటీలో ఎందుకు చెల్లదు? అన్నది సమీక్షకుడికి రావలసిన మొదటి ప్రశ్న. ఎవరికీ రాలేదు. జవాబు చాలా దూరం తీసుకుపోతుంది, మన విశాఖపట్నం దాకా కూడా.

ముందు ఆ చట్టం సంగతి చూద్దాం. తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టం కొల్లం శకం 1092 నాటిది, అంటే 1916. తండ్రి వీలునామా రాయకుండా పోతే కూతురికి వచ్చేది కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా 5,000 రూపాయలు, రెండిట్లో ఏది తక్కువైతే అది. ఈ ‘ఏది తక్కువైతే అది’ అన్న చోట కాస్త ఆగి లెక్క వేసుకోవాలి. కొడుకు వాటా 8,000 అయితే కూతురికి 2,000. 20,000 అయితే 5,000. ఆపైన కొడుక్కి రెండు లక్షలొచ్చినా, ఇరవై లక్షలొచ్చినా కూతురికి అదే 5,000. పైగా స్త్రీధనం ఇచ్చినా, ఇస్తామని మాటిచ్చినా చాలు, ఆ 5,000 మీద కూడా ఆవిడ నోరెత్తకూడదు. వితంతువుకి బతికున్నంత కాలం అనుభవించే హక్కు మాత్రం ఉంటుంది. మళ్లీ పెళ్లి చేసుకుంటే అదీ పోతుంది.

ఈ లెక్క తెలిశాక ఊటీ ఘట్టం మళ్లీ చదవండి. కూతుర్ని వెళ్లగొట్టడానికి వచ్చిన ఆ తల్లి కర్కోటకురాలిలా కనిపించదు. జీవితకాలపు అనుభవ హక్కు తప్ప ఇంకేమీ లేని మనిషి, కొడుకు నీడన బతకాల్సిన మనిషి, కొడుకు పక్కన కాక ఇంకెక్కడ నిలబడుతుంది? భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆవిడే కూతురి ముందు భర్త ఇంటికి కాపలా కాసింది. దీన్ని ‘తల్లి మనసులోని చీకటి’ అని రాసిన సమీక్షకుడు చట్టం చేసిన పనిని మనస్తత్వం ఖాతాలో వేశాడు.

1980ల్లో మేరీ రాయ్ నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1986 ఫిబ్రవరి 24న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి, జస్టిస్ ఆర్.ఎస్. పాఠక్‌ల ధర్మాసనం ఆవిడ పక్షాన తీర్పు చెప్పింది. దాదాపు ప్రతి సమీక్షా దీన్ని ‘స్త్రీ పురుష సమానత్వాన్ని నిలబెట్టిన చారిత్రక తీర్పు’ అంటుంది. చారిత్రకమే, సందేహం లేదు. కానీ సమానత్వం గురించి ఆ తీర్పు ఏమీ తేల్చలేదు. ఆ చట్టం సమానత్వ హక్కునిచ్చే రాజ్యాంగంలోని 14వ అధికరణకు విరుద్ధమా అన్న ప్రశ్నలోకి వెళ్లే అవసరమే లేదంది కోర్టు. ఎందుకంటే 1951లో పార్లమెంటు చేసిన ‘బి’ తరగతి రాష్ట్రాల (పాత సంస్థానాలతో ఏర్పడినవాటి) చట్టం ద్వారా 1925 నాటి భారత వారసత్వ చట్టం తిరువాన్కూరు-కొచ్చిన్‌కి వర్తించింది. దాంతో 1951 ఏప్రిల్ 1నే తిరువాన్కూరు చట్టం రద్దయిపోయింది.

అంటే ఆ కుటుంబం ఊటీ మెట్లెక్కి వచ్చి ఒక ఆడదాన్ని బెదిరించే నాటికి, వాళ్ల చేతిలోని చట్టం ఊటీలోనే కాదు, తిరువాన్కూరు గడ్డ అయిన కొట్టాయంలో కూడా లేదు. 35 ఏళ్లపాటు మేరీ రాయ్ పుట్టిన సిరియన్ క్రైస్తవ సమాజం సమాజమే చచ్చిపోయిన చట్టానికి కట్టుబడి కూతుళ్లను గుమ్మం బయట నిలబెట్టింది. చచ్చిన చట్టాన్ని కూడా మోసుకు తిరగాలంటే దాని వల్ల లాభపడేవాళ్లుండాలి. వలస వారసత్వం గురించి ఇంతకు మించిన ఉపమానం ఏ కవీ కట్టలేడు. అది పుస్తకం నడుమ పడి ఉంటే సమీక్షకులు తల్లి కేకల గురించి రాశారు.

ఇంకో మెలిక ఉంది. సమీక్షల చివరి పేరాలో ‘వలస వారసత్వం’ అని పడినప్పుడు అందులో దుర్మార్గుడు ఎవరో ముందే తేలిపోయి ఉంటుంది, తెల్లవాడు. ఈ కథలో మాత్రం కూతురి చెయ్యి కట్టేసింది తిరువాన్కూరు మహారాజు సంస్థానంలో చేసిన చట్టం. ఆ చెయ్యి విప్పింది 1925లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన చట్టం, దానికి మూలం 1865 నాటి ఇంకో బ్రిటిష్ చట్టం. ఊటీలో మేరీ రాయ్ నిలబడగలిగింది ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ గడ్డ కావడం వల్లనే. స్థిరాస్తి ఎక్కడుంటే అక్కడి చట్టం. దొరలు చల్లగాలి కోసం కట్టుకున్న ఊరు ఒక ఆడదానికి ఆశ్రయమైంది. అంతమాత్రాన దొరలకి దండం పెట్టమని కాదు. వాళ్లు ఆడవాళ్ల మీద జాలితో ఆ చట్టం చెయ్యలేదు. హిందూ, ముస్లిం చట్టాల కిందికి రాని జనానికి ఇంగ్లండు పద్ధతిలో ఒక లెక్క కావాలి కాబట్టి చేశారు. 1842లో బళ్లారిలో వీలునామా లేకుండా చనిపోయిన ఒక క్రైస్తవ వ్యాపారి భార్యకీ, అతని తమ్ముడికీ మధ్య నడిచిన ఏబ్రహాం కేసు అప్పటి చివరి అప్పీలు కోర్టు అయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి 1863లో తేలింది. మతం మారినవాళ్లకి ఏ వారసత్వ చట్టం వర్తిస్తుందన్న చిక్కు అందులో నలిగింది. రెండేళ్లకి 1865 చట్టం వచ్చింది. వదినా మరిదుల గొడవలు కూడా చట్టాల చరిత్రలో ఒక భాగమే మరి.

ఇప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీకి ఈ చివరన ఉన్న విశాఖపట్నం చూడండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు ఇక్కడ దిగి బైబిలుని తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. ఆ తర్వాత క్రైస్తవం తీసుకున్న కుటుంబాల్లో, 1865 చట్టం ప్రకారం, వీలునామా లేకుండా తండ్రి పోతే భార్యకి మూడో వంతు, మిగిలింది కొడుకులకీ కూతుళ్లకీ సమానం. పాతనగరంలో చర్చికి పోయే ఇంటి ఆడపిల్లకి, చట్టం పుస్తకంలో మాత్రమే అయినా సరే, 19వ శతాబ్దంలోనే సమాన వాటా ఉంది. కొట్టాయంలో అదే శిలువకి మొక్కే ఆడపిల్లకి పావు వాటా. మరి విశాఖలోనే పక్కింట్లో ఉన్న హిందువుల ఆడపిల్లకో? ఉమ్మడి ఆస్తిలో ఏమీ లేదు. విశాఖలో అదే సముద్రం, అదే వీధి, అదే తెల్లదొర కలెక్టరు, అయినా రెండు లెక్కలు. కొట్టాయంతో కలిపి మూడు. ‘వలస వారసత్వం’ అని ఏకవచనంలో రాసేవాళ్లు ఈ మూడింట్లో దేని గురించి మాట్లాడుతున్నారో చెప్పాలి.

ఇక్కడే మన పాఠకులు కాస్త సర్దుకుని కూర్చోవాలి. ‘అయ్యో, ఆ సిరియన్ క్రైస్తవులు ఎంత అన్యాయం చేశారు, కూతురికి పావు వాటానా’ అని బుగ్గలు నొక్కుకుంటున్నాం కదా. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక మన ఇళ్లల్లో లెక్క వేద్దాం. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, తల్లి ముందే పోయింది. ఆస్తి పిత్రార్జితం, తొమ్మిది ఎకరాలు. తండ్రి 1980లో చనిపోయాడు. చట్టం ఏమంటుందంటే, ఆయన పోవడానికి ఒక్క క్షణం ముందు పంపకం జరిగినట్టు ఊహించుకోవాలి. ఆ ఊహలో కూతురు లేదు. తండ్రీ ఇద్దరు కొడుకులూ తలా మూడెకరాలు తీసుకుంటారు. ఇప్పుడు తండ్రి వాటాకి వచ్చిన మూడెకరాలు ముగ్గురు పిల్లలకీ సమానంగా, తలా ఒకటి. కొడుకులకి చెరి నాలుగెకరాలు. కూతురికి ఒక ఎకరం.

నాలుగుకి ఒకటి. అక్షరాలా తిరువాన్కూరు పావు వాటా.

తల్లి బతికుంటే తండ్రి వాటా నలుగురికి చీలుతుంది. కూతురికి పావు కూడా రాదు, కొడుకు వాటాలో అయిదో వంతుకి దిగుతుంది. 5,000 పరిమితి లేకపోవడమొక్కటే మన గొప్ప. ఆ మిగిలిన వాటాకైనా ఇంట్లో చోటుందా అంటే, 23వ సెక్షన్ ఒకటి ఉండేది. అన్నదమ్ములు కాపురముంటున్న ఇంటిని పంచమని, వాళ్లంతట వాళ్లు పంచుకునేదాకా ఆడపిల్ల అడగకూడదు. ఆ ఇంట్లో ఉండే హక్కు పెళ్లికానివాళ్లకీ, మొగుడు వదిలేసినవాళ్లకీ, మొగుణ్ణించి విడిపోయినవాళ్లకీ, వితంతువులకీ మాత్రమే. కాపురం చేసుకుంటున్న కూతురు పుట్టింట్లో చుట్టం. ఈ సెక్షన్ 2005 దాకా బతికే ఉంది. ఊటీ ఇంటి కథ కేరళ కథ అనుకుని చదివిన విశాఖ సమీక్షకుడి సొంత ఇంట్లో, అతని సొంత అక్కచెల్లెళ్లకి, ఇదే లెక్క నడిచింది.

మేరీ రాయ్ తీర్పు వచ్చిన 1986వ సంవత్సరంలోనే ఆంధ్రప్రదేశ్ శాసనం ఒకటి అమల్లోకొచ్చింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ అది, 1986లో 13వ చట్టం. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైనట్టుగా దాన్ని రాశారు. కూతురు కూడా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కుదారు. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో ఆ దారిన నడిచాయి. దేశానికి మనం ముందు నడిచిన కొద్ది సందర్భాల్లో ఇదొకటి. అయినా ఈ పుస్తకం గురించి రాసిన తెలుగు సమీక్షల్లో ఆ ప్రస్తావన నాకెక్కడా కనిపించలేదు. కొట్టాయం నుంచి ఢిల్లీకి పోయిన కేసు గురించి రాసేటప్పుడు, అదే ఏడాది మన రాష్ట్రంలో వచ్చిన చట్టం గుర్తుకు రాకపోతే ఆ సమీక్ష తెలుగులో రాయడం ఎందుకు? ఇంగ్లీషులో వచ్చినవి చాలవా?

ఆ సవరణ కూడా కడిగిన ముత్యమేమీ కాదు. 1985 సెప్టెంబర్ 5కి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకి అది వర్తించదు. అప్పటికే జరిగిన పంపకాల జోలికీ పోదు. ఒకే ఇంట్లో అక్కకి 1984లో పెళ్లయింది, చెల్లికి 1986లో అయింది. చెల్లెలు అన్నదమ్ములతో సమానం, అక్కకి అదే పాత లెక్క. ఒకే కడుపున పుట్టిన ఇద్దరి మధ్య పెళ్లి ముహూర్తం గోడ కట్టింది. ఆ గోడ 2005 సెప్టెంబర్ 9న కేంద్ర సవరణ వచ్చేదాకా, ఇరవై ఏళ్లు, నిలబడింది. ఈ ఇరవై ఏళ్లలో పండగలకి రావడం మానేసిన అక్కలు, ‘మా అక్కకి నేనంటే కుళ్లు’ అని చెప్పుకున్న చెల్లెళ్లు ఉత్తరాంధ్రలో ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ల కథలు రాస్తే మన సమీక్షకులు ‘స్త్రీల మధ్య సంక్లిష్ట అనుబంధాలు’ అంటారు. సంక్లిష్టమైంది అనుబంధం కాదు, అమలు తేదీ.

దీనికి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆత్మకథ అంటే దావా కాగితం కాదు, సమీక్షకుడు ప్లీడరు కాదు, భాషా శిల్పమూ మనిషి లోతూ చూడాలిగాని సెక్షన్లు కాదు అంటారు. నిజమే, రాయ్ వాక్యం గొప్ప వాక్యం, దాని గురించి ఎంత రాసినా తగును. పైగా ఆ తల్లి వట్టి చట్టబాధితురాలేమీ కాదు, పిల్లల్ని నిజంగానే హింసపెట్టిన మనిషి. కానీ శిల్పమన్నది గాల్లో కట్టేది కాదు. విశాఖ రావిశాస్త్రి ఊరు, అయ్యా. ఆయన విశాఖ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తూ రాసిన మనిషి. సెక్షన్ ఎలా మనిషి మెడకి చుట్టుకుంటుందో చూపించడమే ఆయన శిల్పం. ఆ ఊళ్లో కూచుని చట్టం సాహిత్యం కాదంటే ఎలా?

అసలు సమీక్షలు ఇలా తయారవడానికి మామూలు కారణాలున్నాయి. అచ్చు పత్రికలో సాహిత్యపు పేజీ ఇచ్చేది మహా అయితే ఏడెనిమిది వందల మాటలు. అందులో రెండొందలు రచయిత్రి పరిచయానికి, రెండొందలు కథకి, వంద ఉటంకింపులకి పోతాయి. మిగిలిన చోట తీర్పు చెప్పాలి. పుస్తకం వచ్చిన వారంలోపే రాయాలి కాబట్టి వెనక అట్ట మీది మాటలూ, అప్పటికే వచ్చిన ఇంగ్లీషు సమీక్షలూ చేతికందుతాయి. ఆ ఇంగ్లీషు సమీక్షలు లండన్, న్యూయార్క్ పాఠకుల కోసం రాసినవి. వాళ్లకి తిరువాన్కూరు చట్టం వివరించడం దండగ, తల్లీకూతుళ్ల పేచీ అయితే అందరికీ తెలుస్తుంది. ఆ ఎంపిక అక్కడివాళ్లకి సరే. మనవాళ్లు దాన్ని తెలుగు చేసుకోవడంతో వాళ్ల పాఠకుల అజ్ఞానం కూడా మనకి దిగుమతైంది. ఆలోచిస్తే అదీ ఒక వలస వారసత్వమే, చిన్నపాటిది.

మార్గం పెద్ద కష్టం కాదు. ఇలాంటి ఆత్మకథ చేతికొస్తే మొదటిసారి పెన్సిలు పట్టుకుని చదవాలి. ఎవరు ఎవరింట్లో ఉంటున్నారు, ఆ ఇల్లు ఎవరి పేర ఉంది, అద్దె ఎవరు కడుతున్నారు, పెళ్లికి ఏం ఇచ్చారు, ఎవరు ఎప్పుడు పోయారు, వీలునామా ఉందా. ఈ ఆరింటికీ పేజీ అంచున గుర్తు పెట్టుకోవాలి. తర్వాత ఒక కాగితం మీద చావుల తేదీలు ఒక వరసలో, చట్టాల తేదీలు పక్క వరసలో రాసుకోవాలి. వారసత్వం తెరుచుకునేది చావు తేదీన. ఆ రోజు ఏ చట్టం అమల్లో ఉందో అదే లెక్క. ఈ రెండు వరసలూ ఎక్కడ తగులుకుంటే అక్కడ కుటుంబం చీలుతుంది. ఆ తర్వాత రచయిత్రి వాక్యాల దగ్గరకి రండి. అప్పుడు తల్లి కేక ఏ గోడకి తగిలి తిరిగొచ్చిందో వినిపిస్తుంది. మొత్తం ఒక పూట పని.

ఆ వరసలు రాసుకోకపోవడం వల్ల దొర్లిన తప్పు ఒకటి చెబుతాను. 1986 తీర్పుతో మేరీ రాయ్ గెలిచింది, కేరళ క్రైస్తవ స్త్రీలందరికీ ఆస్తి వచ్చింది అని రాసేస్తారు. తీర్పు చేతికొచ్చాక కూడా ఆవిడ వాటా ఆవిడ చేతికి రావడానికి మరో రెండు దశాబ్దాలు దాటింది, కింది కోర్టుల్లో. ఈలోగా 1951 నుంచీ జరిగిన పంపకాలన్నీ తిరగబడతాయని గగ్గోలు పుట్టింది. పాత లెక్కనే మళ్లీ బతికించడానికి 1994లో బిల్లు తయారైంది. అది ముందుకి పోలేదు. దాని అవసరం కూడా లేకపోయింది. భారత వారసత్వ చట్టం ప్రకారం మనిషి తన ఆస్తిని వీలునామా ద్వారా ఎవరికైనా మొత్తం రాసెయ్యవచ్చు. కూతుళ్లని తప్పిస్తూ వీలునామాలు రాస్తే సరిపోయింది. చట్టం తలుపు తెరిస్తే కుటుంబం కిటికీలోంచి గడియ పెట్టుకుంది.

మన దగ్గర ఆ గడియ పేరు రిలీజ్ డీడ్, హక్కు విడుదల దస్తావేజు. నాకు అసలు ఆసక్తి ఈ కాగితం మీదే. విశాఖలో పెదవాల్తేరు, మహారాణిపేట, అప్‌లాండ్స్ వైపు పాత పెంకుటిళ్లూ బంగళాలూ అపార్టుమెంట్లవుతున్న తీరు అందరం చూస్తున్నాం. తండ్రి పోతాడు. బిల్డరు వస్తాడు. స్థలం మనది, కట్టుబడి ఆయనది, ఫ్లాట్లు చెరిసగం. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రాసుకోవాలంటే బిల్డరు వకీలు ముందు తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడుగుతాడు, తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలూ తాకట్లూ చూపే పత్రం. ఆ ధ్రువపత్రంలో మొదటిసారిగా ఇంటి ఆడపిల్లల పేర్లు కొడుకుల పేర్లతో ఒకే వరసలో, అంకెలు వేసి, కనిపిస్తాయి. చాలా ఇళ్లల్లో చెల్లెలు గుర్తుకొచ్చేది ఆ రోజే. ‘ఒక్క సంతకం పెట్టేసి వెళ్లిపోమ్మా, మధ్యాన్నం బండికి ఎక్కించేస్తాను’ అని అన్న ఫోను.

ఆ దస్తావేజు తీసి చదవండి. వయసు, తండ్రి పేరు, భర్త పేరు. ‘నాకు నా వివాహ కాలమందే పసుపు కుంకుమల క్రింద తగు రీతిని ముట్టియున్నందున’. ‘ఎవరి బలవంతమూ లేక, స్వస్థ చిత్తముతో, నా ఇష్టపూర్వకముగా’. కింద వేలిముద్ర, ఫొటో, ఇద్దరు సాక్షులు. తిరువాన్కూరు చట్టంలోని ‘స్త్రీధనం ఇచ్చినా, ఇస్తామని మాటిచ్చినా’ అన్న మాటకి ఇది మన తెలుగు. ఒక స్త్రీ ఉత్తమ పురుషలో తన జీవితం గురించి రాసి రిజిస్టరు చేయించే ఏకైక రచన మన సమాజంలో ఇదే కావచ్చు, అదీ తను రాయని రచన.

ఈ కాగితం కూడా తరచూ తప్పుతుంది. తండ్రి మంచంలో ఉండగానే తొందరపడి, ఆయన స్వార్జితంలో రేపు రాబోయే వాటాని వదులుకున్నట్టు కూతుళ్ల చేత రాయిస్తారు. వారసుడయ్యే అవకాశాన్ని బదిలీ చెయ్యడానికి వీల్లేదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఆరో సెక్షనే చెబుతోంది. మామూలుగా ఆ దస్తావేజు నిలవదు. విదేశంలో ఉన్న కూతురు అక్కడ సంతకం చేసి పంపిన పవర్ ఆఫ్ అటార్నీకి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అది మర్చిపోయి ఏడాది తర్వాత రిజిస్ట్రారు ముందు నిలబడతారు. ఎప్పుడో తెల్లకాగితం మీద పంచుకున్నాం అంటారు. 2005 సవరణ గుర్తించేది 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకాన్నీ, కోర్టు డిక్రీనీ. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇంకా తేల్చి చెప్పింది, 2005 నాటికి తండ్రి బతికుండాల్సిన పని కూడా లేదని, నోటిమాట పంపకాల్ని మామూలుగా ఒప్పుకోవద్దని. ఇలా ఒక కాగితం బెడిసికొట్టిన చోట అన్నాచెల్లెళ్ల మాటలు ఆగిపోతాయి. పిల్లల పెళ్లిళ్లకి శుభలేఖ పోస్టులో వస్తుంది, మనిషి రాడు.

ఇవేవీ మన ఆత్మకథల్లోకి రావు. జైలు వస్తుంది, పత్రిక వస్తుంది, గురువులూ చెరువు గట్లూ వస్తాయి. చెల్లెలి చేత ఏ కాగితం మీద, ఏ సంవత్సరంలో సంతకం పెట్టించారో రాదు. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ పూడిపెద్ది వారింట పుట్టి శ్రీరంగం వారింటికి దత్తు పోయాడని బడిపిల్లలకి కూడా చెబుతాం. దత్తత అంటే పుట్టింటి ఆస్తిలో వాటా వదిలి కొత్తింటి వాటాలోకి అడుగుపెట్టడమని, ఆ రోజుల చట్టం ప్రకారం కవి ఇంటిపేరు కూడా ఒక బదిలీ పత్రమని మాత్రం ఎవరూ గుర్తుచెయ్యరు. మగవాడికి ఇంటిపేరు మారితే ఆస్తి వెంటవచ్చింది. ఆడదానికి ఇంటిపేరు మారితే ఆస్తి వెనకే ఉండిపోయింది. రాయ్ పుస్తకాన్ని తెలుగువాళ్లు తెలుగువాళ్ల కోసం సమీక్షించాల్సింది ఈ వెలితి దగ్గర నిలబడి.

దస్తావేజు భాష గురించి ఇంకొక్క ముక్క. దస్తావేజు, వగైరా లాంటి మాటలు పారసీక దర్బారువి. రిజిస్ట్రేషన్, స్టాంపు దొరలవి. ‘పుత్రపౌత్రపారంపర్యముగా అనుభవించగలరు’ అన్నది అంతకంటే పాతది. మూడు పాలనలూ ఒకే పేజీలో సర్దుకుని ఉన్నాయి. ఇవాళ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజులు టైపు చేసే కుర్రాడి కంప్యూటర్లో ఆ వాక్యం ముందే ఎక్కించి ఉంటుంది, పేరూ సర్వే నంబరూ మార్చుకుంటే చాలు. ఈ మధ్య కొందరు తండ్రులు కూతుళ్ల పేర ఫ్లాటు గిఫ్టు డీడు రాస్తున్నారు. అందులోనూ అదే వాక్యం, అదే వరసలో. ఇంటిని కూతురికిస్తూ, కొడుకులూ మనవలూ తరతరాలుగా అనుభవించమని రాసి, కింద తండ్రి సంతకం.